ముట్టుకోని పెట్ట

మందులో విషమే ఉంటే ముందు తన వేళ్లు ఊడిపడాలి కదా. ఆరేళ్లుగా ఆ చుక్కలు కారి తడుస్తున్న వేళ్లు. ఈ చిన్న సంగతి వదినకు తట్టదు. తట్టినా ఒప్పుకోదు. ఆ మాటేదో వంటింట్లో అని ఉంటే అది వేరు. నిన్న సాయంత్రం గేటు దగ్గర నిలబడి, ఇటు పక్కవాళ్లకూ అటు పక్కవాళ్లకూ వినపడేలా అంది. "మా ఆడపడుచు మందు వేసినవి పదకొండూ పోయాయి. మందు వెయ్యని పెట్ట ఒక్కటే బతికింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి మీకు?"

పశువుల ఆసుపత్రి వరండాలో చెక్కబల్ల మీద కూర్చుని, మందు ఫ్లాస్కులోకి ఐసు కోసం ఎదురుచూస్తూ, ఆమె ఆ మాటకు జవాబు వెతుకుతోంది. నిన్న తనూ సమానంగా అరిచింది గానీ, సరైన మాట తగల్లేదు. పళ్లు తోముకుంటుంటే ఒకటి దొరికింది, అది మరీ బూతుగా ఉంది. బస్సులో ఒకటి దొరికింది, అది మరీ మెత్తగా ఉంది.

వీధుల్లో అందరూ ఆమెను చుక్కలమ్మ అంటారు. ఇంటింటికీ వెళ్లి పెరటి కోళ్ల కళ్లలో చుక్కల మందు వేయడం ఆమె పని. కొక్కెర తెగులు రాకుండా ఆ మందు. వచ్చాక మాత్రం ఏ మందూ పనిచేయదు. రెక్కలు వేలాడేసి, పచ్చగా పారుకుని, మెడ మెలితిప్పుకుని ఒక్కొక్కటే పోతాయి. వదిన ఇంట్లో మందు వేసిన ఐదో రోజున మొదటిది పోయింది. తర్వాత నాలుగు రోజుల్లో మిగతావన్నీ. మందు ఒంటికి పట్టడానికే పది రోజులు కావాలి. ఈలోగా ఎక్కడినుంచో తెగులు దూరింది, అంతే. ఎక్కడినుంచో.

కాంపౌండరు ఫ్లాస్కు పట్టుకుని బయటికి వచ్చాడు. ఆయన్ను అందరూ బాబాయ్ అనే పిలుస్తారు, పెద్ద డాక్టరు కూడా.

"ఏంటే, పొద్దున్నే మొహం కందగడ్డ చేసుకున్నావు?"

"మా వదిన నన్ను హంతకురాల్ని చేసింది బాబాయ్."

"వదినలకదో సరదా. మా ఆవిడ ఇరవై ఏళ్లుగా మా చెల్లెల్ని చేస్తూనే ఉంది." ఆమె నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "పోనీ, ఐసు కరిగింది, మందు చెడింది అని రాసేద్దాం. నీమీదికి మాట రాదు, మీ వదినా చల్లబడుతుంది. సీసాకేమన్నా నోరుందా?"

"మందు బాగానే ఉంది. అదే సీసాలోది అంతకుముందు అవతలి వీధిలో ముప్పై కోళ్లకు వేశాను. అన్నీ శుభ్రంగా గింజలు ఏరుకుంటున్నాయి."

"ముందు అవతలి వీధి, చివర మీ వదిన ఇల్లు. మధ్యలో ఎక్కడన్నా ఆగావా?"

"ఎక్కడా ఆగలేదు."

ఆయన ఊరికే అడిగాడు. సమాధానం కోసం ఆగనైనా లేదు, ఫ్లాస్కు మూత బిగించడంలో పడిపోయాడు. ఆమెకు మాత్రం ఒళ్లు మండిపోయింది. కూర్చున్న చోటు కదలని మనిషి, ఎండలో తిరిగేవాళ్లను ఎక్కడ ఆగావని అడగడానికి ఏం హక్కు? ఫ్లాస్కు లాక్కున్నట్టే తీసుకుని, భుజాన వేసుకుని రోడ్డెక్కింది.

ఈరోజు వెళ్లాల్సిన వీధి వదిన ఇంటి మీదుగానే. తల తిప్పకుండా వెళ్లిపోవాలని నిర్ణయించుకుంది. వదిన పిలిచినా పలకకూడదు. ఏడ్చినా పలకకూడదు. ఏడుస్తున్న వదినను ఊహించుకుని వంద అడుగులు హాయిగా నడిచింది. ఆ తర్వాత బాబాయ్ ప్రశ్న మళ్లీ వచ్చి పక్కన నడవసాగింది.

ఆగింది. ఆరోజు టైలరమ్మ ఇంటి దగ్గర ఆగింది.

"డాక్టరమ్మా, ఒక్క నిమిషం! ఇది పొద్దున్నుంచీ గింజ ముట్టలేదు."

ఆరేళ్లలో ఆమెను అలా పిలిచిన మనిషి ఆవిడొక్కతే. కుట్టుమిషను కింద, గుడ్డపీలికల మీద కోడి పడుకుని ఉంది. రెక్కలు నేలకు జారిపోయి, నోరు తెరుచుకుని ఊపిరి లాగుతోంది. చూడగానే తెలిసిపోయింది. ఇప్పుడు ఆ కోడికి చుక్క వేసినా గోడకు వేసినా ఒకటేనని కూడా తెలుసు. గుమ్మంలోనే నిలబడి, లాభం లేదమ్మా, మిగతావాటికి దూరంగా పెట్టు అని చెప్పి వెళ్లిపోవాల్సింది. కానీ టైలరమ్మ చేతులు కట్టుకుని, పెద్ద డాక్టరు ముందు నిలబడ్డట్టు నిలబడింది. ఆమె లోపలికి వెళ్లి కూర్చుంది. కోడి తల ఎత్తి, ముక్కు విప్పి చూసి, కారుతున్న జిగురును బొటనవేలితో తుడిచి, రెండు కళ్లలోనూ చెరో చుక్క వేసింది. "చూద్దాం" అంది, పెద్ద డాక్టరు గొంతుతో. బొటనవేలు పమిట చెంగుకు తుడుచుకుంది.

సబ్బు సంచిలోనే ఉంది. కానీ కలిపిన మందు గంటన్నరలో వాడేయాలి, గంట అప్పటికే దాటింది. అక్కడ వదిన కోళ్లన్నిటినీ బుట్టల కింద మూసి కూర్చుంది. వెళ్లగానే వదిన ఒక్కోదాన్నీ పట్టి ఇస్తుంటే, చంకలో ఇరికించుకుని, అదే బొటనవేలితో రెప్ప విప్పి... పన్నెండోది పెరటి గదిలో, చెక్కపెట్టెలో గుడ్ల మీద ఉంది. "దాని జోలికి వెళ్లకు, పొదుగుతోంది" అంది వదిన. ఆమె ఆ గది గుమ్మమైనా తొక్కలేదు.

నడక ఆగిపోయింది. మందు వెయ్యనిది బతికిందని వీధంతా అంటున్నది తను ముట్టుకోని పెట్ట గురించి.

ముందు టైలరమ్మ మీద మండిపడింది, ఆ పిలుపు పిలిచినందుకు. తర్వాత వదిన మీద, అడ్డదిడ్డంగా మాట్లాడి కూడా సరిగ్గా దొంగనే పట్టుకున్నందుకు. టైలరమ్మ కోడి మర్నాడే పోయిందని ఎవరో చెబితే "అయ్యో" అని ఊరుకుంది తను. ఆ అయ్యోకు, వదిన కోళ్లకు మధ్య ఇన్నాళ్లూ ఎంత శ్రద్ధగా గోడ కట్టుకుందో ఇప్పుడు కనిపిస్తోంది. నిన్న వీధిలో తనకు అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో కూడా అర్థమవుతోంది. నిజంగా ఏమీ తెలియని మనిషి అంతలా అరవదు.

కాళ్లకేసి చూసుకుంది. అవే చెప్పులు. ఈ చెప్పులతో ఇంకో వీధికి బయలుదేరింది. ఇవాళ ఆ వీధికి వెళ్లదు, ఐసు కరిగితే కరగనీ.

సీసాకు నోరు లేదన్నాడు బాబాయ్. నిజమే, ఎంత సులువు!

వదిన ఇంటి గేటు దగ్గరికి ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. పెరట్లో కొత్తగా పూడ్చిన గుంట మీద సున్నం తెల్లగా ఉంది. నూకల గిన్నెతో పెరటి గది గుమ్మంలో నిలబడ్డ వదిన ఆమెను చూసింది.

"వచ్చిందండీ మహాతల్లి! ఇంకేం మిగిలిందని వచ్చావు?" అంటూనే నాలుగడుగులు ముందుకు వచ్చింది. గొంతు మారింది. "వచ్చావు కాబట్టి లోపలికొచ్చి దీన్నొకసారి చూడు. నిన్నట్నుంచీ మేతకు లేవట్లేదు. దగ్గరికెళ్తే గుర్రుమంటోంది. దీనికీ తగులుకుందేమో. నువ్వు డాక్టరువే కదా, చూడు."

వెటకారమో బతిమాలడమో తెలియలేదు. అయినా ఆ మాటకు లోపల ఏదో తోక ఆడించింది. దాన్ని పట్టుకుని గొంతు నులిమేయాలన్నంత కోపం వచ్చింది ఆమెకు.

"గుడ్లు పొదగేసి ఎన్ని రోజులైంది?"

"ఇరవై."

"లోపల కీచుమంటున్నాయా?"

"పొద్దున్నుంచీ."

"అది రోగం కాదు. పిల్లలు వచ్చే వేళకు తల్లి లేవదు. ముక్కుకు అందేలా నీళ్లు పెట్టు, చాలు."

"ఆ సంగతి వీధిలోంచే చెప్పాలా? మా పెరడు తొక్కితే పరువు పోతుందా?"

"ఆరోజు తొక్కాను కదా, చాలదూ?" తను కూడా అరుస్తోందని ఆమెకు తెలుసు. "మందు మంచిదే వదినా. టైలరమ్మ ఇంట్లో తెగులు కోడిని పట్టుకున్నాను. సబ్బు సంచిలో పెట్టుకుని, చేతులు కడుక్కోకుండా నీ దగ్గరికొచ్చాను. ఈ చేతులే. ఈ చెప్పులే."

వదిన గిన్నె వైపు చూసింది. వేలితో నూకలు కలిపింది.

"నా చేత్తో పట్టి ఇచ్చాను కదే నీకు," అంది. "బెదిరిపోతుంటే, అత్త ఏమీ చెయ్యదు అని చెప్పి మరీ ఇచ్చాను."

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నిన్న వీధిలో నాతో సమానంగా అరిచావు! ఇంత కడుపులో పెట్టుకుని అరిచావు!" గిన్నె నేల మీద పడింది. వదిన విసురుగా వచ్చి గేటు బార్లా తెరిచింది. "రా. లోపలికి రా. చెంప పగలగొడితే గానీ నా కడుపుమంట చల్లారదు. రావే!"

వెళ్లాలనే అనిపించింది. ఒక్క దెబ్బ తింటే ఎంత తేలికవుతుంది! అది కూడా తన సుఖం కోసమే. తెరిచి ఉన్న గది తలుపులోంచి చెక్కపెట్టె కనిపిస్తోంది, ఈకలు విప్పార్చుకున్న పెట్ట కళ్లార్పకుండా చూస్తోంది. దాని కింద ఎక్కడో సన్నగా కీచుమంది.

"రావేం? భయమా?"

ఆమె తన చెప్పులకేసి ఒకసారి చూసుకుని, పమిట చెంగును నడుములో గట్టిగా దోపుకుంది. వదిన తిడుతూనే ఉండగా వంగి, గేటును తన వైపు లాగి, బయటినుంచి గొళ్లెం పెట్టింది.