మూగబోయిన ఆరు పేజీలు

ఇరవై ఏళ్లపాటు హాలీవుడ్‌లో ఎవరెవరి సినిమాలకో కథలూ మాటలూ రాసి, తన మాటలకు కత్తెర వేసిన ప్రతి డైరెక్టర్‌నూ నోరారా తిట్టుకుని, వెండెల్ ప్రూయిట్ ఎట్టకేలకు తానే డైరెక్టరయ్యాడు. అదీ ఒకే ఒక్క సీను కోసం. ఎన్నో ఏళ్లకు తిరిగొచ్చిన మొగుడు, విడిపోయిన పెళ్లాం పనిచేసే హోటల్లో కౌంటరు దగ్గర కూర్చుంటాడు. ఇద్దరూ మాట్లాడుకుంటారు. కాస్తా కూస్తా కాదు, ఆరు పేజీలు! రాసినవాడే తీస్తుంటే ఇక అడ్డేముంది?

అడ్డు గారెట్ ఫాక్ రూపంలో వచ్చింది. స్టూడియో తరఫున ఆఖరి మాట అతనిదే.

"జనం నిద్రపోతారయ్యా వెండెల్! శనివారం రివర్‌సైడ్‌లో ఓ హాల్లో జనానికి ముందుగా ప్రివ్యూ వేద్దాం. ఆ సీన్లో జనం కుర్చీల్లో అటూ ఇటూ కదిలారా, సీను ఎగిరిపోయినట్టే."

"కదలకపోతే?"

"నోరు మూసుకుని ఇంటికి పోతా."

ఆ సీనే పోతే ఇక ఈ సినిమా తీసి ఏం లాభమని వెండెల్ బెంగ. శనివారం మ్యాట్నీకి చివరి వరసలో కూర్చున్నాడు. పక్కన భార్య నడీన్. సినిమాకు ఎడిటర్ కూడా ఆవిడే.

"ఆ చేతులు పిసుక్కోకు. పురిటి గది బయట నిలబడ్డవాడిలా ఉన్నావు" అంది.

మొదటి సగం హాయిగా గడిచింది. నవ్వాల్సిన చోట నవ్వారు. కౌంటరు సీను వచ్చింది. తెరమీద పెళ్లాం యాపిల్ పై అనే తీపి వంటకం ప్లేటులో తెచ్చి మొగుడి ముందు పెట్టి, నోరు తెరిచింది. మాట వినిపించలేదు. సౌండు పోయింది.

వెండెల్ ప్రొజెక్టర్ గదికి పరిగెత్తబోతే నడీన్ కోటు పట్టుకుని లాగింది.

"కూర్చో."

"నా మాటలు పోయాయి నడీన్!"

"పోతే పోయాయి. తెర కాదు, జనాన్ని చూడు."

ముందు వరసలో టోపీవాడొకడు "సౌండ్!" అని అరిచాడు. పక్కనున్న పెళ్లాం మోచేత్తో ఒక్కటి పొడిచింది. "నోర్మూసుకుని చూడు. ఆవిడకి ఏడుపొస్తోంది."

తెరమీది మొగుడు తినలేకపోయాడు. ఆవిడ అతని ఫోర్కు లాక్కుని, ఒక ముక్క తాను తిని, ఫోర్కు తిరిగి చేతికిచ్చింది. హాల్లో ఎవరో మెల్లగా నవ్వారు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. అరిచినవాడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. ఒక్కరూ కదల్లేదు.

చెమటోడ్చి రాసిన ఆరు పేజీలు లేవని ఒక్కడికైనా తెలిసిందా? ఛీ, ఏం బతుకు! వెండెల్‌కు సిగ్గేసింది. మరుక్షణమే పట్టలేనంత సంతోషం వేసింది. తరువాతి సీనుకు సౌండు దానంతటదే వచ్చింది.

ఆట అయ్యాక బయట ఫాక్ రుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

"సరే, సీను ఉండనీ. సౌండు మాత్రం బాగు చేయించు."

"చేయించను. మాటలు తీసేస్తున్నా."

ఫాక్ తెల్లబోయాడు. "ఒక్క వాక్యం తీసెయ్యమంటే నా గుమ్మం ముందు నానా యాగీ చేసినవాడివి నువ్వేగా?"

"నేనే" అన్నాడు వెండెల్.

సోమవారం ఎడిటింగ్ గదిలో నడీన్ ఆ సీను తెరిచింది.

"రాసినాయన ఊరుకుంటాడంటావా?"

"ఆయన సంగతి నేను చూసుకుంటాలే."

"గుర్తుగా ఒక్క మాటైనా మిగల్చవయ్యా, పాపం."

వెండెల్ ఆరు పేజీలూ మొదటినుంచీ విన్నాడు. ఏ వాక్యానికీ ప్రాణం కొట్టుకోలేదు. ఫోర్కు తిరిగి ఇచ్చేచోట మాత్రం చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఇదొక్కటీ ఉంచు."

నడీన్ మిగతావన్నీ తీసేసి మళ్లీ వేసింది. నిశ్శబ్దంగా నడిచిన సీన్లో తెరమీది పెళ్లాం ఫోర్కు అందిస్తూ "తిను" అంది. అంతే. నడీన్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

"ఇన్నేళ్లలో నువ్వు రాసిన మంచి మాటంటే ఇదే, వెండెల్."

"అది నేను రాసింది కాదు. షూటింగులో ఆ వేషం వేసినావిడే అనేసింది. స్క్రిప్టులో లేని మాట ఎందుకన్నావని అందరి ముందూ కేకలేశాను."

నడీన్ పకపకా నవ్వింది. వెండెల్ కూడా నవ్వుతూనే ఫోను దగ్గరికి లాక్కుని ఆ నటి నంబరు తిప్పాడు.