వియ్యంకుల పోటీ

కూతురు ఆ మాట చెప్పే సమయానికి కొండ లాండ్రీలో నిలబడి ఎవరిదో కోటు ఇస్త్రీ చేస్తున్నాడు.

"అబ్బాయిది బేకరీ నాన్నా. మంచివాడు. నాకు నచ్చాడు. సరేనని చెప్పేశాను కూడా."

"బేకరీ అయితే మంచిదేగా. ఎవరబ్బాయి?"

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి చొక్కాకి గుండీ కుడుతూ తలెత్తలేదు.

"రైలుగారబ్బాయి."

ఇస్త్రీపెట్టె కోటు మీదే ఆగిపోయింది. భార్య లేచి వచ్చి పక్కకి లాగింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ కోటుకి నూకలు చెల్లేవే.

"ఏ రైలు?" అన్నాడు కొండ, ఊళ్ళో పదిమంది రైళ్ళున్నట్టు.

ఒకప్పుడు హెవీవెయిట్ బాక్సింగులో ఇద్దరు ఛాంపియన్లు ఉండేవారు. ఎన్ని దెబ్బలు తగిలినా కదలకుండా నిలబడేవాడు కాబట్టి ఈయన కొండ. ఎడమ చెయ్యి ఒకసారి బయల్దేరితే మధ్యలో ఆగేది కాదు కాబట్టి ఆయన రైలు. ఒక బాక్సింగు సంఘం ఇచ్చిన బెల్టు కొండ నడుముకి ఉంటే ఇంకో సంఘం బెల్టు రైలు నడుముకి ఉండేది. ఆ రెండు సంఘాల పెద్దలకీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. అందుకని ఇద్దరూ ఒకే ఊళ్ళో ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు ఉంటూ కూడా బరిలో ఒక్కసారీ ఎదురుపడలేదు. ఎదురుపడి ఉంటే ఎవరు గెలిచేవారన్న వాదన మాత్రం వాళ్ళిద్దరూ గ్లవ్స్ విప్పేశాక కూడా ఊళ్ళో తెగలేదు.

"ఆయన ఎడమ చెయ్యి ఎలాంటిదో తెలుసా నీకు?" అన్నాడు కొండ కూతురితో.

"మనమ్మాయి చేసుకునేది ఆ ఎడమ చేతిని కాదు కదా," అంది భార్య దారం కొరుకుతూ.

ఆదివారం రైలు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. తనే చేసిన కేకు పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ముందు ఒకరి పాదాలు ఒకరు చూసుకున్నారు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది!

"రండి బావగారూ."

"మీరు నడవండి బావగారూ."

దారి ఇవ్వబోయి ఇద్దరూ ఒకే వైపుకి జరిగారు. రెండోసారీ అంతే. ఆ గుమ్మం అలాంటి ఇద్దరి కోసం పెట్టింది కాదు. చివరికి కొండ భార్య, "అన్నయ్యగారూ, మీరు లోపలికి రండి. నువ్వు బయటికి వెళ్ళు," అని తేల్చేసింది.

కొండ బావమరిది బస్సు డ్రైవరు. బస్సుకైనా బ్రేకులున్నాయి గానీ ఆయన నోటికి లేవు. కేకు ముక్క ఇంకా మింగకుండానే అడిగేశాడు.

"ఇంతకీ మీ ఇద్దరికీ పోటీ పడి ఉంటే ఎవరు గెలిచేవారు బావా?"

"బావగారే," అన్నాడు కొండ.

"అబ్బే, వారి ముందు నేనెంత," అన్నాడు రైలు.

అంతటితో అయిపోయేదే. కానీ కాబోయే పెళ్ళికొడుకు నవ్వుతూ, "ఏడో రౌండులో మా నాన్న పడగొట్టేసేవారు," అన్నాడు.

"ఏంటీ?" అంది కూతురు. "మా నాన్నని ఇంతవరకూ ఒక్కడైనా పడగొట్టాడా? చెప్పు, ఒక్కడు!"

వాళ్ళిద్దరి మొదటి పోట్లాట అదే. బావమరిది కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. పళ్ళెం బరి అయింది, చెంచాలు ఇద్దరు మల్లులయ్యాయి. కొండ గడ్డం గట్టిదని ఒకరంటే, రైలు ఊపిరి పెద్దదని ఇంకొకరు. అసలు మనుషులిద్దరూ ఏమీ పట్టనట్టు కూర్చున్నారు గానీ, చెంచా తప్పుగా కదిలినప్పుడల్లా ఇద్దరి భుజాలూ కదిలాయి.

"ఇదంతా దేనికి?" అన్నాడు చివరికి బావమరిది. "పెళ్ళి రోజు సాయంత్రం మన వ్యాయామశాలలో మూడు రౌండ్లు పెట్టుకుందాం. మెత్తటి గ్లవ్స్‌తో, సరదాగా."

"సరదాకైతే నాకేం లేదు," అన్నాడు కొండ.

"బావగారి ఇష్టమే నా ఇష్టం," అన్నాడు రైలు. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

మర్నాటి నుంచి కొండ మెడకి తువ్వాలు చుట్టుకుని వీధిలో పరుగు మొదలుపెట్టాడు. "పరుగా అది? అప్పు తీర్చమని ఎవరైనా వెంటపడుతున్నారేమో అనుకున్నా," అంది భార్య. లాండ్రీకి వచ్చేవాళ్ళంతా కొండ పక్షమే. ఆ పక్షం అంటే బట్టలు ముందొస్తాయని వాళ్ళకి తెలుసు.

ఒక మధ్యాహ్నం, గ్లవ్స్ ఎంత బరువున్నవి తీసుకోవాలో మాట్లాడదామని కొండ బేకరీకి వెళ్ళాడు. రైలు పొయ్యి దగ్గర ట్రేలు దించుతున్నాడు. కొండ వెళ్ళి ఆయన ఎడమ పక్కన నిలబడ్డాడు. రైలు తిరగలేదు. ట్రే తీసుకెళ్ళి అరలో పెట్టబోతే అంచు తగిలి రొట్టెలు దొర్లాయి.

"బావగారూ," అన్నాడు కొండ.

రైలు మెడంతా తిప్పి చూశాడు. నవ్వి, టీ పోసి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. కాదు, బల్ల పక్కన గాల్లో పెట్టాడు. కొండ చెయ్యి చాచి పట్టుకున్నాడు.

"చెయ్యి జారింది," అన్నాడు రైలు.

కొండ ఏమీ ఎరగనట్టు ఒక అడుగు ఎడమకి వేశాడు. రైలు చూపు వెంట రాలేదు. ఆ ఎడమ కంట్లో వెలుతురు లేదు.

వయసులో ఉన్నప్పుడు రైలు పోటీ ఎక్కడ జరిగినా కొండ వెళ్ళి వెనక వరుసలో కూర్చునేవాడు. ఎక్కడైనా సందు దొరుకుతుందా, ఎక్కడి నుంచి కొట్టొచ్చు అని కళ్ళార్పకుండా వెతికేవాడు. ఒక్కసారీ దొరకలేదు. ఇప్పుడు, వేడి రొట్టెల వాసన మధ్య, అడక్కుండానే దొరికింది. టీ తాగి, గ్లవ్స్ గురించి ఏదో మాట్లాడి, ఇంటికొచ్చేశాడు.

"నేను దిగడం లేదు," అని మర్నాడు బావమరిదితో చెప్పేశాడు.

"భయమా బావా?"

"భయమే."

ఆ మాట బస్సెక్కి ఊరంతా తిరిగింది. లాండ్రీలో బట్టలిచ్చేవాళ్ళు, "కొండ కరిగిందిటగా!" అని మొహం మీదే నవ్వారు. కూతురు అలిగింది. కొండ తలొంచుకుని ఇస్త్రీ చేసుకున్నాడు. భార్య ఒక్కతే ఏమీ అడగలేదు. "నువ్వు భయపడే రకం కాదని నాకు తెలుసు. చెప్పాలనిపించినప్పుడు చెబుదువుగాని," అని అన్నం వడ్డించింది.

రెండు రోజులకి రైలే వచ్చాడు. లాండ్రీ తలుపు దగ్గరగా వేసి, "ఎందుకు మానేశారు?" అని అడిగాడు.

"మోకాళ్ళ నొప్పి బావగారూ."

"అబద్ధం. ఆ రోజు గ్లాసు పట్టుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. చూశావు కదూ?" మర్యాద ఎక్కడో జారిపోయింది. "నా మీద జాలిపడి పిరికివాడనిపించుకుంటావా? నిన్ను ఆ మాట అంటుంటే నేను వింటూ కూర్చోవాలా?"

"ఒంటి కన్నేసుకుని నా ముందుకి రావడానికి ఒప్పుకున్నావే, మతి ఉండే ఒప్పుకున్నావా?" కొండ కూడా గొంతు పెంచాడు. "నా చెయ్యి పొరపాటున ఆ వైపు తగిలితే? నా కూతురు రేపు నీ ఇంట్లో ఎలా తిరుగుతుంది?"

రైలు ఉతికిన దుప్పట్ల మూట మీద కూలబడ్డాడు.

"రెండో కంట్లో కూడా ఈమధ్య మెరుపులొస్తున్నాయి. నల్లటి చుక్కలు ఈదుతున్నాయి. అదీ పోతే, నువ్వు ఎదురుగా నిలబడ్డా నాకు తెలియదు. ఈలోపు ఒక్కసారి... ఓడిపోయినా సరే, నీ ఎదురుగా నిలబడాలనిపించింది."

కొండ ఆవిరి యంత్రం కట్టేశాడు. వచ్చి ఆయన పక్కనే మూట మీద కూర్చున్నాడు.

"అబ్బాయికి చెప్పావా?"

"చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వడు. చెయ్యి పట్టుకుని నడిపిస్తానంటాడు."

"చెప్పు. డాక్టరు దగ్గరికి నేనొస్తా. నేనైతే చెయ్యి పట్టుకోను, పక్కనే నడుస్తా."

రైలు ఆ సాయంత్రమే కొడుక్కి చెప్పాడు. కంటి ఆసుపత్రికి వియ్యంకులూ, పిల్లలూ నలుగురూ వెళ్ళారు. ఎడమ కన్ను ఇక రాదన్నారు. కుడి కంటి వెనకున్న పొర అంచు చిరగడం మొదలైంది, ఇప్పుడే లేజరుతో అతికిస్తే నిలుస్తుందన్నారు. చుక్కల మందు వేసి బయట కూర్చోమన్నారు. పిల్లలిద్దరూ కాగితాల పని మీద కిందికి వెళ్ళారు. మందుకి చూపంతా అలుక్కుపోయి, రైలు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అంత మనిషీ ముడుచుకుపోయాడు.

కొండ గొంతు సవరించుకున్నాడు.

"గంట కొట్టారు. మొదటి రౌండు. నువ్వు నీ మూలలోంచి బయల్దేరావు."

"ఏంటి?"

"పోటీ. వస్తున్నావా, రావా?"

రైలు ఆ గొంతు వైపు మొహం తిప్పాడు. "మన వయసెంత ఇందులో?"

"ముప్పై అనుకుందాం."

"వద్దు. ఇప్పటి వయసే. వాడెవడో కుర్రాడు గెలిస్తే నాకేంటి?"

"సరే, ఇప్పటిదే. ఎడమ చేత్తో మొదలుపెట్టావు. నేను కాచుకున్నాను."

"ఎలా కాచుకుంటావు? దాన్ని ఎవడూ కాచుకోలేదు!"

"అప్పుడు కాచుకోలేదు. ఇప్పుడది పాసింజరు రైలు కదా, స్టేషను స్టేషనుకీ ఆగుతుంది."

ఎదుటి కుర్చీలో కంటికి కట్టుతో ఉన్న ముసలాయన కిసుక్కున నవ్వాడు. రైలు చేతులు కుర్చీని వదిలి గాల్లోకి లేచాయి.

"సరే, రెండో రౌండు. నీ డొక్కలో ఒకటిచ్చా. నువ్వు వంగావు."

"వంగలేదు. నడుం పట్టేసింది."

"అయితే ఆగుతాను."

"పోటీలో ఆగుతావా?"

"ఆగనా మరి? నాకూ ఆయాసం వచ్చింది."

కట్టు ముసలాయన రైలు వైపు చేరాడు. మందుల సంచీతో కూర్చున్న ఒకావిడ, బాక్సింగంటే ఏమిటో తెలియకపోయినా, కొండ వైపు చేరింది. మూడో రౌండు ఎవరిదన్న దగ్గర గొడవ ముదిరింది. పేర్లు పిలిచే నర్సు బయటికొచ్చి, "ఇది ఆసుపత్రి అనుకుంటున్నారా, ఇంకేమైనానా?" అని నలుగురినీ కసిరింది. ఆ తర్వాత రైలుని పిలిచింది.

రైలు లేచి, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయాడు. కొండ వెళ్ళి ఎడమ పక్కన నిలబడి మోచెయ్యి కొంచెం వంచాడు. రైలు వేళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఆ మోచేతిని పట్టుకున్నాయి.

"నేను పట్టుకోనన్నా. నువ్వు పట్టుకోవద్దని అనలేదుగా," అన్నాడు కొండ.

"నోరుముయ్యి బావా," అన్నాడు రైలు. "మూడో రౌండు నాదే."

కుడి కన్ను నిలిచింది. నెల తిరిగేసరికి పిల్లలు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టారు. బయట మెట్ల మీద బావమరిది మళ్ళీ ఎవరు గెలిచేవారని మొదలుపెట్టబోయాడు గానీ, అప్పటికే వియ్యంకులిద్దరూ గట్టిగా అరుచుకుంటూ అయిదో రౌండులో ఉన్నారు. ఫొటో తీసే మనిషి రెండుసార్లు పిలిచాడు. ఇద్దరిలో ఒక్కరూ వినిపించుకోలేదు.