చంద్రుడి డ్యూటీ

మా ఇంట్లో గోడ గడియారం ఉండేది కానీ దాని మాట వినేది అమ్మ ఒక్కతే. నాన్న దాన్ని కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. ఎవరైనా ఆయన ఉద్యోగం గురించి అడిగితే అమ్మ మూతి తిప్పుకుని, "ఆయనది చంద్రుడి డ్యూటీ" అనేది. అడిగినవాళ్ళు నవ్వేవారు, అమ్మ నవ్వేది కాదు.

నాన్న పడవల మేస్త్రి. మరమ్మతుకొచ్చిన పడవను పోటు మీద, అంటే సముద్రపు నీళ్ళు గట్టు దాకా ఎక్కినప్పుడు, ఒడ్డుకి తెచ్చి దన్ను కర్రల మధ్య నిలబెట్టేవారు. ఆటు మొదలై నీళ్ళు దిగిపోయాక పడవ అడుగుభాగం మొత్తం బయటపడేది. అప్పుడు నాన్న దాని కిందకి దూరి, అంటుకున్న గుల్లలు గీకి, చెక్కల సందుల్లో నార కూరి, పైన తారు పూసేవాడు. మళ్ళీ నీళ్ళొచ్చేలోపు అంతా ముగించాలి. ఆ నీళ్ళేమో రోజూ ఒకే వేళకి దిగవు. చంద్రుడు నిన్నటికంటే ఇవాళ ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా వస్తాడు, నీళ్ళూ అంతే ఆలస్యంగా కదులుతాయి. వాటి వెనకాల మా నాన్న.

అమ్మ పెద్ద బజారులో బట్టలు కుట్టే షాపులో పనిచేసేది. బడిపిల్లల యూనిఫారాలు, పెద్దవాళ్ళ కోట్లు. పొద్దున షట్టరు ఎత్తే వేళా సాయంత్రం దించే వేళా ఏడాది పొడుగునా ఒక్కటే. సముద్రం లేని ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. తెల్లారితే లేవడం, పొద్దుపోతే అందరూ కలిసి భోంచేయడం, ఇంతకు మించి ఆవిడ లోకాన్ని అడిగిందేమీ లేదు.

పౌర్ణమికీ అమావాస్యకీ మా ఊళ్ళో నీళ్ళు మిట్టమధ్యాహ్నం దిగేవి. అమ్మ షాపులో, మేం బడిలో ఉండగానే నాన్న పని అయిపోయేది. సాయంత్రం నలుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. ఆ తర్వాత రోజురోజుకీ నీళ్ళ వేళ జరిగి జరిగి, ఆకాశంలో సగం చంద్రుడు మిగిలేసరికి తెల్లవారుజామున ఒకసారీ సాయంత్రం ఒకసారీ దిగేవి. ఆ వారం మేం లేచేసరికి నాన్న ఉండేవాడు కాదు. సాయంత్రం అమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఆయన వేసుకుంటూ ఉండేవాడు. కాపలా మారే జవాన్లు కూడా వాళ్ళకంటే ఎక్కువ మాట్లాడుకుంటారు.

ఒకరోజు అన్నయ్య బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి పాఠం అప్పజెప్పాడు. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడూ చంద్రుడూ భూమితో ఒకే వరసలోకి వచ్చి కూడబలుక్కుని లాగుతారట, అందుకే పెద్ద పోటు వస్తుందట. సగం చంద్రుడప్పుడు ఒకడు ఇటూ ఒకడు అటూ లాగుతారట, అందుకే నీళ్ళు అంతగా కదలవట.

"అమ్మా, నువ్వు సూర్యుడు, నాన్న చంద్రుడు, మేం భూమి" అన్నాడు.

"లాగేది నేనొక్కదాన్నేరా. ఆయన దూరంగా ఉండి వెలుగుతున్నాడంతే" అంది అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"కాదమ్మా, చంద్రుడే ఎక్కువ లాగుతాడని పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసినవాడికి వంటపని లేదులే."

ఇప్పుడు అమ్మా నాన్నా లేరు. నేను ఎనిమిదో అంతస్తులో ఉంటున్నాను. చంద్రుడు ఎప్పుడు వస్తాడో, ఎప్పుడు పోతాడో నాకు తెలీదు. వీధిదీపాలకి ఆ గొడవ లేదు, మాకూ లేదు. మా ఆయనా నేనూ రోజూ ఒకే వేళకి ఇంటికొస్తాం, ఒకే వేళకి తింటాం. అయినా ఆ పౌర్ణమి సాయంత్రాలు గుర్తొస్తే తింటున్నదాన్నల్లా లేచి కిటికీలోంచి చంద్రుణ్ణి వెతుక్కుంటాను. దాన్ని బెంగ అనడానికి నాకేం మొహమాటం లేదు.

ఎందుకంటే ఆ సాయంత్రాలు అలాంటివి. అమ్మ బల్ల మీద తను కుట్టిన నీలంగళ్ళ గుడ్డ పరిచేది. వారం పాటు ఇద్దరూ కబుర్లు దాచుకుని కూర్చునేవారు కదా, మూట విప్పినట్టు విప్పేవారు. ఒక లావుపాటాయన కోటు కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టాడనీ, కుట్టిచ్చాక ఊపిరి వదిలితే గుండీ ఎగిరి అద్దానికి తగిలిందనీ అమ్మ చెప్పేది. ఒక పడవవాడు తారు ఆరకముందే కూర్చుని, లేచేసరికి ప్యాంటు పడవకే వదిలేయాల్సొచ్చిందని నాన్న. మేం పొలమారేదాకా నవ్వేవాళ్ళం. నాన్న చేతుల తారు వాసనకి అమ్మ ముక్కు మూసుకుంటూనే కుర్చీ మాత్రం ఇంకాస్త ఆయన దగ్గరికే జరుపుకునేది.

ఒక సగం చంద్రుడి వారంలో అమ్మని షాపులో పెద్ద కట్టరుగా చేశారు. అంటే ఇక గుడ్డ మీద కత్తెర పెట్టే పని ఆవిడదే, మిగతావాళ్ళు ఆవిడ చెప్పినట్టు కుట్టాలి. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన పని అది. పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. నాన్న గుమ్మంలో ఉలి సంచీ భుజాన వేసుకుంటున్నాడు.

"ఏంటి, మొహం వెలిగిపోతోంది?" అన్నాడు.

"గుమ్మంలో నిలబడి చెప్పే మాట కాదు. కూర్చుని చెప్పాలి."

"నీళ్ళు దిగిపోయాయి. వచ్చాక వింటాను" అని వెళ్ళిపోయాడు. వచ్చేసరికి అమ్మ నిద్రపోయింది. ఆ మర్నాడూ అంతే. అమ్మ పట్టుబట్టి అమావాస్య దాకా ఆ మాటని అలాగే నోట్లో పెట్టుకుని తిరిగింది. మాకు కూడా చెప్పొద్దని ఒట్టు పెట్టింది. తీరా ఆ సాయంత్రం బల్ల మీద గుడ్డ పరిచి, గొంతు సవరించుకుని మొదలుపెడితే, "పెద్ద కట్టరు అయ్యావటగా! ఒక పడవాయన చెప్పాడు, మీ షాపుకి కోటు కుట్టించుకోవడానికి వచ్చాట్ట" అని నాన్న సంబరపడిపోయాడు.

అమ్మ మొహంలో వెలుగు పోయింది. "నా సంగతి మీకు చెప్పేవాళ్ళు ఊరంతా ఉన్నారు. నేనొక్కదాన్నే లేను" అంది.

ఆ రాత్రి అమ్మ అరవలేదు, ఏడవలేదు. దానికే మాకు భయమేసింది. మెల్లగా, లెక్క తేల్చినట్టు చెప్పింది. "బడికి సెలవులివ్వగానే పిల్లల్ని తీసుకుని అక్కయ్య దగ్గరికి వెళ్ళిపోతాను. ఆ ఊళ్ళో బట్టల కంపెనీ ఉంది, నాకు పని దొరుకుతుంది. అక్కడ అందరూ ఒకే వేళకి తింటారు. మీరు ఆ చంద్రుడితోనే కాపురం చేసుకోండి."

నాన్న తలెత్తి గోడ గడియారం వంక చూశాడు. తర్వాత, "గడియారం పనే చూసుకుంటానులే" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. తలుపులు చేసే కార్ఖానాలో చేరాడు. పొద్దున సైరను మోగితే లోపలికి, సాయంత్రం మోగితే బయటికి. మొదటిరోజు వేళకే వెళ్ళాడు. రెండోరోజు కాస్త ఆలస్యం. మూడోరోజు ఇంకాస్త. అమ్మ ముందే షాపుకి వెళ్ళిపోయేది కాబట్టి ఈ భాగోతం ఆవిడకి తెలీదు. మేం లేపబోతే నాన్న అటు తిరిగి, "ఇంకా వేళ కాలేదమ్మా" అనేవాడు. కావాలని చేసింది కాదు. చిన్నప్పటినుంచీ ఒళ్ళు అలా తిరగడానికి అలవాటుపడిపోయింది, అంతే. వారం తిరక్కముందే కార్ఖానా మేనేజరు అమ్మ షాపుకి వచ్చాడు.

"అమ్మా, ఆలస్యంగా వచ్చేవాళ్ళని బోలెడుమందిని చూశాను. మీ ఆయనలా ఇంత క్రమశిక్షణతో రోజురోజుకీ ఆలస్యం పెంచుకుంటూ పోయేవాణ్ణి ఎక్కడా చూళ్ళేదు. ఇలాగే వదిలేస్తే సాయంత్రం సైరనుకి పొద్దున డ్యూటీకి వస్తాడు."

మర్నాటినుంచి అమ్మ నాన్నని తనే లేపి, చిన్నపిల్లల్ని బడి దగ్గర దింపినట్టే ఆయన్ని కార్ఖానా గేటు దగ్గర దింపి, లోపలికి వెళ్ళేదాకా చూసి వెళ్ళేది. కొన్నాళ్ళకి ఒళ్ళు దారికొచ్చింది. ఇక రోజూ సాయంత్రం నలుగురం బల్ల దగ్గరే. మొదట్లో అమ్మ రోజూ నీలంగళ్ళ గుడ్డ పరిచింది.

"ఇవాళ ఏం చేశారు?" అనేది.

"తలుపులు."

"నిన్న?"

"తలుపులే."

అంతకు మించి ఏం చెప్తాడు పాపం! ఏ తలుపుకీ కథ ఉండదు. అమ్మ కబుర్లు కూడా పలచబడ్డాయి. దాచుకునే పని లేదుగా, పుట్టిన కబురు పుట్టినట్టే చెప్పేసేది, నాన్న "ఊఁ" అనేవాడు. నీళ్ళు దిగే వేళ ఆయనకి చూడకుండానే తెలిసేది. అప్పుడు భోజనం మధ్యలో చెయ్యి ఆగిపోయేది. బల్ల చెక్కల మధ్య సందులో బొటనవేలి గోరు పెట్టి ఆ చివరినుంచి ఈ చివరిదాకా నొక్కుకుంటూ వచ్చేవాడు, అక్కడ నార కూరుతున్నట్టు. తను ఏం చేస్తున్నాడో ఆయనకే తెలిసేది కాదు. అమ్మ మాత్రం ఆ వేలినే చూస్తూ ఉండేది.

నాన్న రోజూ ఇంట్లో ఉండాలని కోరుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. తీరా ఉంటే, పాత నాన్న కావాలని ఏడుపొచ్చేది. గుడ్డ కూడా అమ్మ పరవడం మానేసింది. సెలవులు దగ్గరపడుతున్నాయి. వెళ్ళిపోతానన్న మాటని అమ్మ వెనక్కి తీసుకోలేదు. ఆయన ఇంట్లో ఉన్నా వెళ్ళిపోతుందేమోనని నాకు గుబులుగా ఉండేది.

ఒక సాయంత్రం నాన్న వేలు బల్ల సగం దాకా వచ్చేసరికి అమ్మ చటుక్కున లేచింది. గిన్నెలన్నీ సంచీలోకి సర్దేసింది.

"లేవండి."

"ఎక్కడికి?"

"మీరున్న చోటికి. ఇక్కడ లేరుగా మీరు."

ఒడ్డుకి వెళ్ళాం. సగం చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. పడవ ఒకటి దన్ను కర్రల మధ్య నిలబడి ఉంది. నాన్నతో పనిచేసే బొంగురు మామ ఒక్కడే దాని కింద తంటాలు పడుతున్నాడు. నాన్న చొక్కా విప్పి నా చేతికిచ్చి, పడవ కిందకి దూరాడు. కాసేపటికి అక్కణ్ణుంచి కూనిరాగం వినిపించింది. అమ్మ గట్టు మీద చెక్కలు పరిచి, గిన్నెలు దించి, కూర్చుంది.

మర్నాటినుంచి నాన్న కార్ఖానాకి వెళ్ళలేదు. అమ్మ కూడా ఆయన్ని లేపలేదు. నీళ్ళు సాయంత్రం దిగే వారాల్లో షాపు నుంచి వచ్చి, వండి, మమ్మల్ని వెంటబెట్టుకుని ఒడ్డుకి వచ్చేది. నాన్న తారు చేతులతోనే గబగబా నాలుగు ముద్దలు మింగి మళ్ళీ కిందకి పోయేవాడు. అమ్మ కింద ఉన్న ఆయనతో మాట్లాడుతుంటే పడవ పొట్టతో మాట్లాడినట్టే ఉండేది. నాకది నచ్చలేదు, అమ్మకీ నచ్చలేదని తెలుస్తూనే ఉంది. "ఇది కూడా గుమ్మంలో నిలబడటమే" అంది ఒకసారి, ఎవరితోనో అన్నట్టు. "ఊరికి బయల్దేరుదామా అమ్మా?" అని అన్నయ్య అడిగితే, "సెలవులు రానీ, చూద్దాం" అంది.

సెలవులు రేపనగా, మేం మళ్ళీ ఒడ్డున ఉన్నాం. ఆ రోజు పడవ తెచ్చిన పడవాయనకి తొందర, మర్నాడే బయల్దేరాలి. బొంగురు మామ రాలేదు, నాన్న ఒక్కడే అయినా ఒక పక్క తారు పూయడం అయిపోయింది, రెండో పక్క సగం మిగిలింది. నీళ్ళు అప్పుడే మళ్ళీ ఒడ్డు వైపు తిరిగాయి. నాన్న కుంచె ముంచుకుని రెండో పక్కకి వెళ్ళబోతుంటే అమ్మ మొదలుపెట్టింది. గొంతు ఎప్పటిలా లేదు.

"పెళ్ళైన కొత్తలో మీకు నేను నచ్చలేదనుకున్నాను."

నాన్న ఆగాడు.

"రోజూ ఒక్కో వేళకి లేచి వెళ్ళిపోయేవారు. ఒకరోజు వంట మధ్యలో, ఒకరోజు నేను తల దువ్వుకుంటుంటే. నీళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ తెలిసిన సంగతి కదా, చెప్పాలని ఎవరికీ తోచలేదు. మీ అమ్మగారిని అడగాలంటే సిగ్గు. నా మొహం చూడలేకే పోతున్నారనుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని."

నాన్న కుంచె తారు డబ్బాలో పెట్టేశాడు. వచ్చి అమ్మ ఎదురుగా చెక్క మీద కూర్చున్నాడు. పని మధ్యలో ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు.

"ఎప్పుడు చెప్పను? మీరు కూర్చుంటేగా" అని అమ్మ ఆ రోజులన్నీ చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ళు దన్ను కర్రల మొదళ్ళని తడిపాయి. నాన్న చూశాడు, మళ్ళీ అమ్మ వైపు తిరిగాడు. నీళ్ళు పడవ పొట్టని అందుకున్నాయి. తారు పడని సగం కిందకి మెల్లగా చేరుతున్నాయి.

గట్టు మీద నుంచి పడవాయన కేకేశాడు. "మేస్త్రీ! నీళ్ళొచ్చేస్తున్నాయి! ఆ పక్క అలా వదిలేశావేంటి? నేను రేపు వెళ్ళొద్దా?"

"ఎల్లుండి వెళ్దురుగాని, ఉండండి" అన్నాడు నాన్న, వెనక్కి తిరిగి చూడకుండానే. "మా ఆవిడ మాట్లాడుతోంది."