రెండు కాటాల మీద గ్లోరి

కాటా మీద ఎర్ర అంకెలు మిణుకుమిణుకుమని ఆగిపోయాయి. 55.7.

"దిగమ్మా," అన్నాడు నవీన్ కుమార్. తిరువూరు బళ్లో జరుగుతున్న జిల్లా బాలికల కబడ్డీ పోటీలకు తూకం చూడటానికి వచ్చిన అధికారి ఆయన. "యాభై అయిదు కిలోలు దాటితే ఆడనివ్వం. రూలు తెలుసుగా."

గ్లోరి దిగలేదు. తిరువూరు జట్టుకి ఆమే ప్రధాన రైడర్. కూతకి వెళ్తే ఖాళీ చేతుల్తో తిరిగిరాదని పేరు. ఆ పేరంతా ఇప్పుడు ఏడు వందల గ్రాముల కింద నలిగిపోతోంది.

"పొద్దున యాభై మూడున్నర ఉంది సార్!" వ్యాయామం టీచర్ గిరిబాబు ముందుకు దూసుకొచ్చాడు. "నా కళ్లతో చూశాను. గంట కాలేదు." అని గ్లోరి వైపు తిరిగాడు. "ఏం తిన్నావే?"

"రెండు ఇడ్లీలు సార్."

"రెండు ఇడ్లీలు రెండు కిలోలుంటాయా?"

"దేవుడి తోడు సార్. చట్నీ కూడా వేసుకోలేదు."

వరసలో నిలబడ్డ విస్సన్నపేట జట్టు అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. "రాళ్ల ఇడ్లీలేమోనే," అంది ఒకమ్మాయి.

గ్లోరికి నవ్వు రాలేదు. ఈ పోటీల్లో రాణించినవాళ్లని రాష్ట్ర జట్టుకి తీసుకుంటారు. రాష్ట్ర జట్టులో ఉన్నవాళ్లకి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, ఇంటర్ చదువు, భోజనం ఉచితం. ఆమె తండ్రి శౌరయ్య కౌలుకి పత్తి వేస్తాడు. మాట దాచే మనిషి కాదు. "సీటొస్తే చదువుకో గ్లోరమ్మా. రాలేదా, పదో తరగతి అయ్యాక నాతోపాటు చేలోకి రా. అంతకుమించి నా వల్ల కాదు," అని ముందే చెప్పేశాడు. ఇప్పుడాయన ఆట చూడటానికొచ్చిన జనంలోనే, తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"పదకొండింటిదాకా తూకం తెరిచే ఉంటుంది. ఈలోపు తగ్గితే మళ్లీ రావచ్చు," అన్నాడు నవీన్ కుమార్. "నెక్స్ట్!"

అప్పుడు జనాన్ని చీల్చుకుని వీరరాఘవయ్య వచ్చాడు. ఊళ్లో పత్తి కొనే షెడ్డు ఆయనది. జట్టుకి జెర్సీలు ఆయనే కుట్టించాడు. వాటి వీపుల మీద అంకెలకన్నా ఆయన షెడ్డు పేరే పెద్దగా ఉంటుంది. పిల్లలకి రోజూ పాలు, గుడ్లు ఆయనవే. గెలిచిన జట్టుకిచ్చే కప్పు కూడా ఆయన తల్లి పేరు మీదే. కెప్టెన్ హాసిని ఆయన మనవరాలు.

"ఎవరయ్యా మా పిల్లని ఆపేది?" అని గద్దించాడు. "మీ కాటాలో ఏదో తేడా ఉంది. మా ఊరొచ్చి మా ఊరి పిల్లని తప్పిస్తారా?"

రైతులు ఈలలేశారు. పత్తి ఏరే రోజులైనా చేలు వదిలేసి మరీ వచ్చారు, మన పిల్లలు ఫైనల్ ఆడతారని.

ఆ మాటతో గిరిబాబుకి ఎక్కడలేని బలం వచ్చింది. "అవును సార్, మీ కాటాయే తప్పు. బళ్లో మిషన్ పాడైతే మా వీరరాఘవయ్య బాబాయ్ తన షెడ్డులో కాటా ఇచ్చాడు. రోజూ దాని మీదే తూస్తున్నాం. దాన్ని తెస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం!"

వీరరాఘవయ్య గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "వద్దులేరా గిరీ."

"మీరుండండి బాబాయ్."

"ఒరే, కదిలిస్తే కాటా చెడిపోద్దిరా. సున్నితమైన వస్తువు."

"రోజూ దాని మీద పత్తి బస్తాలు ధబీమని వేస్తారుగా బాబాయ్, ఏం చెడిపోద్ది?"

"పెద్దాణ్ణి చెప్తున్నాను, విను. ఆఫీసరుగారి మాటకి ఎదురు చెప్పకూడదు. క్రీడాస్ఫూర్తి అంటారే, అది ఉండాలి మనకి."

క్రీడాస్ఫూర్తి అనే మాట వీరరాఘవయ్య నోటి నుంచి రావడం అదే మొదటిసారి. గిరిబాబుకి అదేమీ తోచలేదు. నిజాయితీపరుడు, పైగా ఆవేశంలో ఉన్నాడు. ట్రాలీ ఆటో ఎక్కి షెడ్డుకి పరిగెత్తించాడు.

హాసిని మాత్రం తాతయ్య మొహాన్నే చూస్తోంది. చూసి చూసి, గ్లోరి చెయ్యి పట్టుకుని బడి వెనక్కి లాక్కెళ్లింది. తన ట్రాక్‌సూట్ విప్పి ఇచ్చింది. "నీ దాని మీద ఇది కూడా తొడుక్కుని పరిగెత్తు."

"నేనెందుకే పరిగెత్తడం? సార్ కాటా తెస్తున్నారుగా."

"మా తాతయ్య మొహం చూశావా? అమ్మమ్మ మందుల పెట్టెలో సిగరెట్లు దొరికినప్పుడు కూడా అచ్చం అలాగే పెట్టాడు. ఆ కాటా నిన్ను గెలిపించదు. పరిగెత్తు!"

గ్లోరి పరిగెత్తింది. బడి వెనక ఖాళీ స్థలంలో, ఎండలో, రెండు ట్రాక్‌సూట్లలో.

షెడ్డు కాటా వచ్చింది. వరండాలో రెండు కాటాలూ పక్కపక్కన పెట్టారు. చుట్టూ జనం మూగారు. గిరిబాబే మొదట ఆఫీసరు కాటా, తర్వాత షెడ్డు కాటా ఎక్కాడు. ఆఫీసరు కాటా చూపించినదానికన్నా షెడ్డుది తక్కువ చూపించింది.

"చూశారా!" అన్నాడు గిరిబాబు విజయగర్వంతో. "మీది ఎక్కువ చూపిస్తోంది!"

"లేదా మీది తక్కువ చూపిస్తోంది," అన్నాడు నవీన్ కుమార్ చల్లగా. "ముద్ర వేసిన తూనిక రాళ్లు తెప్పించండి. ఎవరిది తప్పో అవే చెప్తాయి."

ఎదుటి కిరాణా కొట్టు నుంచి ముద్రలున్న ఇనుప రాళ్లు తెచ్చారు. మొత్తం యాభై కిలోలు. ఆఫీసరు కాటా మీద పెట్టారు. యాభై. షెడ్డు కాటా మీద పెట్టారు.

నలభై ఎనిమిది.

గిరిబాబు రాళ్లు దించి, కాటా మీద దుమ్ము చేత్తో తుడిచి, మళ్లీ పెట్టాడు. నలభై ఎనిమిది.

షెడ్డు కాటాకి కొంచెం చేతివాటం ఉందని ఊళ్లో ప్రతి రైతుకీ అనుమానమే. రుజువు చేసే దారే లేదు. షెడ్డులో తూగిన పత్తి షెడ్డులోనే ఉండిపోతుంది గానీ, ఇంకో చోట తూగడానికి తిరిగిరాదు. ఒకే పొద్దున రెండు చోట్ల తూగిన సరుకు గ్లోరి ఒక్కతే. అయినా ఆ అనుమానమంతా పత్తి గురించే. అది ఆడపిల్లల్ని కూడా తక్కువ తూస్తుందని ఏ ఒక్కరికీ తట్టలేదు. అందరికన్నా తట్టనిది గిరిబాబుకి. "ఎంత పెట్టినా ఒళ్లు చెయ్యని పిల్ల! ఇంకా కిలోన్నర ఖాళీ ఉంది, ఇంకో గుడ్డు తిను," అని నెల రోజులుగా దగ్గరుండి మరీ మేపింది ఆయనే.

ముందుగా నోరు తెరిచింది రావమ్మ. వీరరాఘవయ్యకి వరసకి మరదలు. సొంతంగా పత్తి సాగు చేస్తుంది, సొంతంగానే మాట్లాడుతుంది.

"బావా, యాభైకి రెండు కిలోలంటే, క్వింటాకి నాలుగు తిన్నావా?"

"తినడమేంటి రావమ్మా, ఆ మాటలేంటి! పత్తిలో తేమ ఉంటది కదా, దానికి తరుగు…"

"ఇనుములో కూడా తేమ ఉంటదా బావా?"

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆ నవ్వు ఎక్కువసేపు నవ్వులా ఉండలేదు.

"పదండ్రా షెడ్డుకి! నిన్న వేసిన బస్తాలు ఇంకా అక్కడే ఉన్నాయి!"

"ఆఫీసరుగారూ, మీ కాటా ఒకసారి ఇప్పించండి!"

"ఇది ఆటల కాటా అయ్యా, ఇవ్వడం కుదరదు!" నవీన్ కుమార్ దాన్ని రెండు చేతుల్తో పొదివి పట్టుకున్నాడు. అటునుంచి నలుగురు, ఇటునుంచి నలుగురు పట్టుకుని లాగుతున్నారు. గోడ గడియారం పదకొండు దాటింది. తూకం ముగిసిందని ప్రకటించాల్సిన మనిషి తూకం యంత్రాన్ని కాపాడుకునే పనిలో ఉన్నాడు.

చివరికి రావమ్మ సర్ది చెప్పింది. "ఈ కాటా ఎందుకురా మనకి? రాళ్లు చాలు. పట్టండి." షెడ్డు కాటాతోసహా ఇనుప రాళ్లన్నీ ట్రాలీలోకి ఎక్కాయి. వీరరాఘవయ్యని ఎవరూ ఎక్కించలేదు. తనే ముందు ఎక్కి కూర్చున్నాడు, షెడ్డు తాళాలు జేబులో ఉన్నాయి కాబట్టి. శౌరయ్య మైదానం వైపు ఒకసారి, ట్రాలీ వైపు ఒకసారి చూశాడు. నిన్నటి బస్తాల్లో ఆయనవీ ఉన్నాయి. ట్రాలీ వెనక పరిగెత్తాడు.

వరండాలో నవీన్ కుమార్, గిరిబాబు మాత్రమే మిగిలారు. చెమటతో తడిసి ముద్దయిన ఒక అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి రొప్పుతోంది. పక్కన హాసిని.

"తూకం మూసేశారా సార్?" అంది గ్లోరి.

నవీన్ కుమార్ చొక్కా గుండీలు సర్దుకున్నాడు. "మూయనిచ్చారా వీళ్లు? ఎక్కు."

ట్రాక్‌సూట్లు రెండూ విప్పి ఎక్కింది. అంకెలు ఊగి ఊగి ఆగాయి. 54.9.

"ఆడొచ్చు," అన్నాడాయన.

గిరిబాబు నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. "గుక్కెడు గుక్కెడుగా తాగమ్మా," అన్నాడు. "నేను…" అని ఆగిపోయాడు. గ్లోరి సీసా ఖాళీ చేసే పనిలో ఉండి ఆ మిగతా మాట కోసం చూడలేదు.

ఫైనల్ విస్సన్నపేటతో పడింది. ఊరు ఊరంతా చూస్తానన్న మ్యాచ్‌ని ఆ జట్టు బస్సు డ్రైవరు, ఒక ఐస్‌క్రీమ్ బండివాడు చూశారు. చివరి నిమిషంలో రెండు జట్లూ సమానం. గ్లోరి కూతకి వెళ్లింది. పొద్దున ఇడ్లీల గురించి నవ్విన అమ్మాయి ఆమె చీలమండ దొరకబుచ్చుకుంది. గ్లోరి నేల మీద పడి, ఆ అమ్మాయిని కూడా ఈడ్చుకుంటూ, చెయ్యి చాచి మధ్య గీత ముట్టుకుంది.

ఈల మోగింది. చప్పట్లు కొట్టింది డ్రైవరు. తనది ఓడిన జట్టు బస్సని గుర్తొచ్చి ఆపేశాడు.

ముఖ్య అతిథి వీరరాఘవయ్య రాలేదు కాబట్టి కప్పు నవీన్ కుమారే ఇచ్చాడు. రాష్ట్ర జట్టుకి ఎంపికైన వాళ్ల పేర్లు చదివాడు. మొదటి పేరు గ్లోరిది. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. తర్వాత హాసినితో కలిసి కప్పు పైకెత్తింది.

"ఇంత పెద్దది కదా, బరువుంటదనుకున్నా," అంది.

"మా తాతయ్య ఇచ్చిందేగా," అంది హాసిని.

పొద్దు వాలుతుండగా శౌరయ్య వచ్చాడు. తలనిండా పత్తి పీచు. "గెలిచారా?"

"గెలిచాం నాన్నా. సీటు వస్తది. నువ్వు చూడలేదు."

"అక్కడ నా బస్తాలు మళ్లీ తూస్తున్నారమ్మా," అన్నాడు తప్పు చేసినవాడిలా. అంతలోనే నవ్వు ఆపుకోలేక, "అన్నీ ఒళ్లు చేశాయి," అన్నాడు.

గ్లోరి గిరిబాబు వైపు తిరిగింది. "సార్, ఆకలేస్తోంది. తినొచ్చా?"

గిరిబాబు అలవాటుకొద్దీ కాటా కోసం చుట్టూ చూశాడు. ఒకటి ఆఫీసరు జీపెక్కింది. రెండోది షెడ్డులో రైతుల మధ్య ఉంది.

"తినమ్మా," అన్నాడు. "చట్నీ కూడా వేసుకో."