అడుగు పొర

ఇంట్లో నూనె నీళ్లమీద తేలుతుంది. మా ప్రయోగశాలలో కొవ్వు అడుక్కి దిగుతుంది, దాన్ని కరిగించే క్లోరోఫారం నీళ్లకన్నా బరువు కాబట్టి. అడుగు పొర ఉంచుకుని పై పొర పారబోయడమే ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం. కొత్తగా వచ్చినవాళ్లను ఈ ఒక్క ముక్కతో విసిగించి చంపుతుంటాను.

మా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి, నన్ను బాబాయ్ అంటుంది, ఒక ఆలోచన పట్టుకుని కూర్చుంది. పాల కొవ్వు కాలేయంలో చిన్న ముక్కలుగా విరుగుతుందట. పాలు తాగే ఎలుక పిల్ల మెదడు ఆ ముక్కలతో తన కొవ్వు తనే తయారుచేసుకుంటుందట. ఆ ముక్కలకు రేడియోధార్మిక గుర్తు తగిలించి, వేర్వేరు వయసుల ఎలుక పిల్లలు పన్నెండింటికి సూదితో ఎక్కించింది. ఆ మెదళ్లలోంచి నేను తీసిచ్చే కొవ్వులో గుర్తు కనిపిస్తే ఆమె గెలిచినట్టే.

కనిపించలేదు. లెక్కించే యంత్రం సున్నా దగ్గరే మొరాయించింది. మూడేళ్ల పనిని వదిలేయమన్నారు ప్రొఫెసరుగారు. పొరపాటు ఎక్కడుందోనని ఆమె తన సూదుల దగ్గర్నుంచి అన్నీ తిరగేసింది గాని, నన్ను మాత్రం అడగలేదు.

"బాబాయ్ చేతిలో తప్పుండదు," అంది.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను. ఆ వారమంతా వేరేవాళ్ల పనికోసం పై పొరే ఉంచాను. కొవ్వును నీళ్లతో కడిగే చివరి కడుగులో చెయ్యి ఆ వారం అలవాటు కొద్దీ అదే చేసిందా? వేస్టు సీసా అడుగునుంచి చుక్క తీసి యంత్రంలో పెట్టాను. అంకెలు పరుగెత్తాయి. కొవ్వంతా అక్కడే ఉంది, పన్నెండు మెదళ్లదీ కలగలిసిపోయి, ఏది ఏ వయసుదో తేలకుండా.

మర్నాడు ఆ సీసా ఎటూ చెత్తలోకి వెళ్లిపోతుంది. నోరు మూసుకుంటే చాలు. ఇన్నేళ్లు ఎలుకల మధ్య బతికి, చివరికి కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. పరువు పోతుందని చచ్చేంత భయం వేసింది.

చెప్పేశాను. ఆమె ఆ అంకెలు తనే చదువుకుంది.

"అంటే నేననుకున్నది తప్పు కాదన్నమాట," అంది.

కాదన్నాను. ఏడ్చింది. ఇంకో పన్నెండు ఎలుక పిల్లల్ని చంపాలని ఇద్దరికీ తెలుసు. ఈసారి పొరలు తనే వేరుచేసుకుంటానంది, బాబాయ్ అనలేదు. గుచ్చుకుంది. న్యాయమేననీ అనిపించింది.

సాయంత్రం తన నోట్‌బుక్ తెరిచి నా బల్లమీద పెట్టి వెళ్లింది. ఆ పన్నెండింటి పేజీ కొట్టేసి, కింద రాసింది: "చివరి కడుగులో పై పొర ఉంచారు. చేసినవారే చెప్పారు." దాని కింద నా సంతకానికి చోటు వదిలింది. పెట్టాను.