తెల్ల టోపీ

సబ్బు దగ్గర మొదలైంది గొడవ. మొన్న తెచ్చిన బట్టల సబ్బు అప్పుడే అరిగిపోయిందని శ్యాం విసుక్కున్నాడు.

"సబ్బు తింటున్నవా ఏంది?"

"నీ చొక్కాల బొగ్గు తింటున్నది. హరిలాల్ చొక్కాలు జూడు, మసి అంటదు. ఆయన సూపర్‌వైజరై తెల్ల టోపీ పెట్టుకున్నడు. నువ్వింకా డ్రైవర్ల పసుపు టోపీనే" అన్నాను.

శ్యాం అన్నం డబ్బా తీసుకుని షిఫ్టు బస్సుకు వెళ్లిపోయాడు.

భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో, కాంట్రాక్టు కంపెనీ కింద పదకొండేళ్లుగా మట్టి మోసే డంపర్ నడుపుతున్నాడు నా భర్త. మట్టి కుప్ప అంచున బండిని వెనక్కి తెచ్చి ఎక్కడ ఆపాలో హరిలాల్‌కు నేర్పింది అతనే. సూపర్‌వైజర్ పోస్టు మాత్రం హరిలాల్‌కు వచ్చింది. నెల రోజులుగా ఆ తెల్ల టోపీ నా కంట్లో నలుసులా ఉంది.

నల్లా దగ్గర హరిలాల్ భార్య సుష్మిత బట్టలు ఉతుకుతోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు. ఊరుకోలేకపోయాను.

"సూపర్‌వైజరమ్మ గూడ సొంతంగ ఉతుక్కోవాల్నా? మనిషిని పెట్టుకోరాదు!"

సుష్మిత చొక్కాను బండమీద బాది నా వైపు తిరిగింది.

"టోపీ ఇచ్చిన్రు అక్కా, జీతం పెంచలె. సూపర్‌వైజర్‌కు ఓటీ పైసలు ఉండవన్నరు. మునుపటి కంటే తక్కువే వస్తున్నది. సిగ్గుకు చెప్పుకోలె." గొంతు తగ్గించింది. "ఎనిమిది మందిని తీసేస్తరట. జీతం పెంచమని అడిగినోళ్ల పేర్లు రాసియ్యమని మా ఆయన పానం తింటున్రు. ముందుగాల శ్యామన్న పేరే."

బకెట్ నిండి పొర్లుతోంది. ఎవరూ నల్లా కట్టేయలేదు. ఆ టోపీ కోసం ప్రతి ఇంట్లోనూ మా ఇంటి గొడవే నడుస్తోందని ఆ ముఖాలు చూస్తే తెలిసింది. ఒక్క టోపీ ఇచ్చి కంపెనీ మమ్మల్నందరినీ ఒకరిమీద ఒకరిని ఉసిగొల్పింది.

సాయంత్రం మేం ఆడవాళ్లం ఎదురెళ్లి ఈ మాట చెప్పేసరికి, డ్రైవర్లందరూ బస్సు దిగినచోటే నిలబడ్డారు.

"పేర్లు రాసెటోన్ని ఎట్ల నమ్మాలె?" టీక్యా అనే డ్రైవర్ అరిచాడు.

"రాయలేదురా!" హరిలాల్ ఖాళీ కాగితం తీసి చూపించాడు. "రాయకుంటే నన్నే తీసేస్తరట. తీసెయ్యనియ్యి."

"టోపీ తీసుకున్ననాడు మమ్ముల అడిగినవా?" అన్నాడు శ్యాం.

"అడగలే అన్న. ఆశపడ్డ."

అందరికంటే పెద్దవాడు చాంద్‌పాషా మధ్యలోకి వచ్చాడు. "ఎవనికి లేదు బేటా ఆశ? నాకు లేదా? ఇగ ఎవరిది ఎన్నేండ్ల సర్వీసో రాసి కంపెనీ గేటుకు అతికియ్యమందాం. ఆ వరుసలనే ప్రమోషన్. జీతం పెంచితే అందరికీ పెంచాలె. ఒక్కన్ని గూడ తీసెయ్యొద్దు. ఒప్పుకునేదాంక రేపటిసంది ఒక్క బండి గూడ నడవది."

చేతులు లేచాయి. అందరికంటే చివరగా టీక్యాది.

అన్నాల వేళకు హరిలాల్, సుష్మిత మా ఇంట్లోనే కూర్చున్నారు. తెల్ల టోపీ శ్యాం టోపీ పక్కనే ఉంది. నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా నా చూపు దానిమీదికే పోయింది.

"పొద్దుగాల షిఫ్టేనా? డబ్బా కట్టాల్నా?" అడిగింది అత్తమ్మ.

శ్యాం నోరు తెరిచేలోపే నేను చెప్పాను.

"డబ్బాలు లేవు అత్తమ్మా. రేపు ఒక్క బండి కదలది. అందరికీ ఒక్క పెద్ద గంజుల అన్నం వండి గేటు కాడికి మేమే తీస్కపోతం. నల్లా కాడి ఆడోళ్లమంతా ఆడనే కూసుంటం. నువ్వు గూడ రావాలె."