అట్టకారు అంచున పసుపు మరక

నేను ఒక ఫోటోను. జానెడు కాగితాన్ని, అంతకు మించి గొప్పలు పోను. నలభై ఏళ్ళ కిందట అమ్మవారి తీర్థంలో, జాతర జనం మధ్య డేరా వేసిన ఫోటో దుకాణంలో పుట్టాను. రంగులు లేవు గానీ నాలో ఓ కారుంది, అట్టది. దాని స్టీరింగు పట్టుకుని అచ్చియ్యమ్మ, ఆమె ఒళ్ళో ఏడాది పిల్ల వరహాలు. అచ్చియ్యమ్మ జన్మలో నిజం కారెక్కలేదు. అయినా ఏం దర్జాగా కూర్చుందనుకున్నారు! అమ్మవారికి పసుపు సమర్పించి వచ్చిన చేత్తోనే, నా తడి ఆరకముందే అందుకుంది. కారు ముందు చక్రం మీద ఆమె బొటనవేలు పచ్చగా అచ్చుపడింది. ఫోటో అతను నెత్తి కొట్టుకున్నాడు, ఆవిడ మాత్రం నవ్వుకుంటూ పట్టుకుపోయింది.

ఆ తర్వాత ట్రంకుపెట్టెలో, చీర మడతల్లో నా కాపురం. అచ్చియ్యమ్మ పోయింది. ఆమెకి నేను తప్ప వేరే ఫోటో లేదు. మనుషులు భలే వాళ్ళు లెండి. ఎదురుగా ఉన్నంతకాలం తీయించరు, పోయాక పెట్టెలన్నీ వెతుకుతారు.

వరహాలు ఇప్పుడు కాకినాడలో ఆటో నడుపుతోంది. మొన్న సొంత బండి కొన్నాక, దాని ముందద్దం దగ్గర అమ్మ ఫోటోని బొమ్మలా కోయించి నిలబెట్టుకోవాలని పట్టుబట్టింది. కాపీ తీసి అద్దంలాంటి అక్రిలిక్ ప్లాస్టిక్ పలక మీద అంటిస్తానని స్టూడియో అతను బతిమాలాడు.

"కాపీ నాకెందుకండి? మా అమ్మ చెయ్యి తగిలింది దీనికే కదండి!" అంది.

చేసేది లేక అతను నన్నే పలక మీద అంటించి, కోసేటప్పుడు పొగ మసి పట్టకుండా నా మొహమంతా కాగితం టేపు పరిచి ఇచ్చాడు. నన్ను తీసుకుని ఆమె లేజరు కోత పని చేసే సూరిబాబు దగ్గరికి వెళ్ళింది. కారు అంచు వెంబడే కోయాలి. ఆ గీత సరిగ్గా ముందు చక్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది.

సూరిబాబు ముందుగా ఎవరో వద్దన్న పెళ్ళి ఫోటో ముక్క మీద కోసి చూశాడు. అయ్యో! పెళ్ళికొడుకు భుజం గోధుమరంగుకు తిరిగి, బుడగలా పైకి లేచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. విషయం ఏమిటంటే, పొద్దున్నే మిషను మీద దీపం వెలిగించడం ఆయనగారి అలవాటు. ఆ దీపం ఆరిపోతుందని, కోసేచోట చల్లగాలి ఊదే పంపు ఆపేస్తాడు. ఇవాళ మళ్ళీ వేయడం మరిచాడు.

"నా మతి మండా! గాలెయ్యలేదక్కా" అని చెంపలేసుకున్నాడు.

వరహాలు నన్ను గుండెకి హత్తుకుంది. "తమ్ముడూ, ఇది కాలిపోతే మా అమ్మ మొహం నాకింకెక్కడా దొరకదయ్యా."

అతను పంపు వేశాడు. ఇంకో ముక్క కోసి, అంచు నున్నగా వచ్చిందని చూసుకున్నాకే నన్ను మిషనులో పెట్టాడు. నెమ్మదిగా ఒక్కసారే కోస్తే వేడి ఒకేచోట నిలిచి కాలుస్తుందట. అందుకే సెగ తగ్గించి, గీత మీద చకచకా పోనిచ్చి, ఆగి, చల్లారనిచ్చి, మళ్ళీ పోనిచ్చాడు. అలా ఏడుసార్లు. ప్రతిసారీ వరహాలు కళ్ళు మూసుకుంది. నాకు మూసుకునే వీలు కూడా లేదు.

మెల్లగా టేపు ఒలిచాడు. అచ్చియ్యమ్మ మొహం చెక్కుచెదరలేదు. చక్రం దాకా వచ్చేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. సరిగ్గా అంచున ముదురు పసుపు మరక.

"కాలిపోయిందక్కా..." అన్నాడు.

నాకు నోరుంటే ఒక్క కేక పెట్టేదాన్ని. వరహాలు నన్ను లాక్కుని గుమ్మం దగ్గర వెలుగులో చూసింది. ఒక్కసారిగా ఆమె భుజాలు కిందికి దిగాయి.

"కాలడమేంటయ్యా! ఇది మా అమ్మ పసుపు చెయ్యి!" అంది, ఏడుస్తూనే నవ్వుతూ.

"బతికించావక్కా" అంటూ సూరిబాబు అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. హమ్మయ్య, నలుగురమూ బతికాం, అచ్చియ్యమ్మతో కలిపి.

ఇప్పుడు ఆటో ముందద్దం వెనక నిలబడి ఉన్నాను. రోజూ బండి తీసేముందు వరహాలు ఆ మరక మీద తన బొటనవేలు ఆనించి, "పదమ్మా" అంటుంది. అచ్చియ్యమ్మ స్టీరింగు వదల్లేదు. నలభై ఏళ్ళకి ఆ కారు కదిలింది.